రెండంగుళాల ఖచ్చర్

నేను మొట్టమొదలు కోసింది ఒక సిపాయి కుడిచెయ్యి. బ్లేడును దీపం మీద కాల్చి, భుజం కాడ సబ్బు కోసినట్టు కోసిన. పాపం, కిక్కురుమనలే. జాతరల సంచి లెక్కన అమ్మే పచ్చ ప్లాస్టిక్ సిపాయి వాడు. సంచిల ఉన్న ఇరవైమందీ ఒక్కతీరుగ తుపాకి ఎత్తి నిలవడ్డరు, అందరికీ ఒక్కసారే ఎవని మీదనో కోపమొచ్చినట్టు. వాళ్లల్ల ఒక్కడన్న జర తుపాకి దించి బీడీ ముట్టిచ్చుకుంటే ఎట్లుంటదో చూద్దామనిపిచ్చింది. కోసిన చెయ్యిని వంచి, మూతి కాడికి తెచ్చి అతికిచ్చిన. సందుల పైపు లీకులకు పెట్టే ముద్ద పిసికి పెట్టిన. తెల్లారి చూస్తే వాడు నిజంగనే బీడీ తాగుతుండె. నాకు పట్టిన రోగానికి గదే మొదలు.

నాది హాలియాల కాలువ రోడ్డు మీద పెయింటింగ్ దుకాణం. ట్రాక్టర్ ట్రాలీల మీద పేర్లు రాస్త, నెమళ్లు వేస్త, వెనుక తలుపు మీద ఎవరి ఇంటిదేవుణ్ని వాళ్లకు వేసిస్త. ఎనిమిదో తరగతి నన్ను రెండేండ్లు చూసింది. మూడో ఏడు గూడ నా మొఖమే చూపిచ్చుడు దానికి కష్టమైతదని నేనే ఇడిసిపెట్టిన. తెలంగాణ వచ్చిన కొత్తల మాత్రం నా చేతికి తీరిక లేకుండె. ప్రతి బోర్డు మీద పాత రాష్ట్రం పేరు చెరిపి కొత్తది రాసుడే పని. రాష్ట్రం నేనే తెచ్చినట్టు నిచ్చెన మీద నిలవడి పోజులు కొట్టిన. గా బోర్డులన్నీ రాసుడయిపోయినంక, కొత్త బోర్డు కావాలంటే జనం ఫ్లెక్సీ దుకాణం దిక్కు పోయిన్రు. నాకు మధ్యాహ్నాలు మిగిలినయి.

గా మధ్యాహ్నాల గురించి చెప్పాలె. అన్నం తినంగనే షట్టర్ సగం దించేది. కాలువల నీళ్లున్న రోజులల్ల ఎండ నీళ్ల మీద పడి, షట్టర్ కింది నుంచి లోపలికొచ్చి, పైన రేకుల మీద వణుకుతుండేది. దుకాణమంత నీళ్లడుగున ఉన్నట్టుండేది. నేను గడియారాలు బాగుచేసేటోళ్లు కంటికి పెట్టుకునే భూతద్దం పెట్టుకోని, మూడు వెంట్రుకల కుంచె పట్టుకోని, ఒక సిపాయి కాలర్ మీదికి వంగేది. భూతద్దంల ఉన్నది తప్ప మిగతాదంత మాయమయ్యేది. కొంచెంసేపైనంక నేనే చిన్నగయ్యేది. బల్ల మీద గీతలు వాగులయ్యేవి. రంగు డబ్బాలు గుట్టలు. గా గుట్టల నడుమ నుంచి నడుచుకుంట పోతుంటే సిపాయిలు నాకు తొవ్వ ఇచ్చేటోళ్లు. బయట ఎవరన్న "ఓ పెయింటరూ" అని పిలిస్తే, గంత దూరం నుంచి మళ్ల పెద్దగయ్యి రావాలంటే యాష్టకొచ్చేది.

మా ఇంటామె వాటికి నా సంసారమని పేరు పెట్టింది. "పిల్లలకు తలకు నూనె రాసుడు చేతగాదు గని, గీళ్లకు మాత్రం మీసాలు దువ్వుతడు" అనేది. ఒకసారి బొమ్మలు తుడుస్తూ ఒకని తల ఊడగొట్టి, "వీరమరణం పొందిండు" అని నా చేతుల పెట్టి పోయింది.

మొదట్ల నేను చేసిన ఫౌజంత ఒక్క తప్పు తోటి పుట్టింది. వినాయకచవితి ముందు నేను విగ్రహాలకు రంగులేసే పనికి పోత. అక్కడ కండ్లు ఆఖరికి పెడ్తరు. తానం చేసి, ఎవ్వరినీ ఎదురుగ నిలవనియ్యకుండ పెడ్తరు. తెల్లగ, నల్లగ, పెద్దగ. గదే అలవాటుగ సిపాయిలకు గూడ కండ్లు ఆఖరికి పెట్టిన, తెల్లగ, నల్లగ, పెద్దగ. ఒక్కొక్కన్ని ఆరేసి అల్మారల నిలవెట్టిన. మంచిగనే ఉన్నరనుకున్న.

చిచ్చా వచ్చి చూసేదాక.

చిచ్చా అంటే మా పక్క దుకాణమాయన. నీళ్ల మోటర్లు కాలిపోతే రాగి తీగ చుట్టిచ్చే వైండింగ్ దుకాణం ఆయనది. డెబ్బై దాటినయి. గడ్డానికి గోరింటాకు, వేళ్లకు ఎప్పుడు వార్నిష్ వాసన. నాకు చిన్నతనం నుంచి చిచ్చానే, గందుకే ఆయన తోటి ఎకసెక్కాలు ఎక్కువ. ఆ రోజు చాయ్ తాగెతందుకు వచ్చి, అల్మార ముంగట నిలవడి, నవ్వపట్టలేక గ్లాసు కింద పెట్టిండు.

"ఏం పెయింటర్, నీ ఫౌజంత జిన్నును చూసిందా? కండ్లు గట్ల తెరిచిన్రేంది?"

"దుష్మన్‌ను చూసిన్రు చిచ్చా."

"దుష్మన్‌ను చూసినోడు గట్ల చూడడు బిడ్డ. ఎండల, గాలిల నిలవడి నిలవడి ఫౌజీ కండ్లు గీతలయితయి. నా దిక్కు చూడు."

చూసిన. నిజమే, రెండు గీతలు. ఇన్నేండ్లు చూస్తున్న మొఖమే, గని అప్పటిదాక చూడలే. ఆయన ఫౌజుల చేసిండని అందరికి తెలుసు. ఏం చేసిండో ఎవ్వరు అడగలే, నేను గూడ అడగలే. ఆ రోజు అడిగిన.

"ఖచ్చర్‌లను తోలిన" అన్నడు. "బండ్లు పోని గుట్టల మీదికి సామాను ఎవరు మోస్తరనుకున్నవు? గాడిదకు, గుర్రానికి పుట్టినవి. నాకొకటి ఇచ్చిన్రు. తొమ్మిదేండ్లు ఉన్నం, నేను, ఆమె."

అందరి కండ్లు చెరిపి గోధుమరంగు గీత ఒక్కటి పెట్టిన. ఫౌజు ఒక్కరోజుల పెద్దదైపోయింది. మొఖాలల్లకు అలసట వచ్చింది. ఏదో దూరంది చూస్తున్నట్టు ఉన్నరు. అది చూసినంక చిచ్చాకు నా మీద నమ్మకం కుదిరినట్టుంది. రెండు రోజులైనంక వచ్చి, స్టూలు మీద కూసోని, అల్మారల సిపాయిలను ఒక్కొక్కన్ని చూసిండు.

"నా ఖచ్చర్‌ను చేసిస్తవా?"

"ఫోటో ఇయ్యి చిచ్చా."

"ఫోటో ఉంటే నిన్నెందుకు అడుగుత?" అన్నడు. "ఆమెకు ఫోటో ఎవరు తీస్తరు? ఇక్కడ ఉన్నది" అని తల ముట్టుకున్నడు. "ఇది గూడ మాసిపోతాంది. మొన్న తెల్లారుగట్ల ఫజర్ నమాజైనంక కూసోని యాది చేసుకుందామంటే మొఖం రాలే. చెవులు వచ్చినయి, తోక వచ్చింది, మొఖం రాలే. మొత్తం పోకముందు ఒక్కసారి చూడాలె."

నేనొక జోకు వెయ్యాల్సిన జాగా అది. వెయ్యలే.

ఖచ్చర్ బొమ్మలు ఎక్కడ దొరకయి. నాలుగు గుర్రం బొమ్మలు తెచ్చి మూడు కోసి పాడుచేసిన. నాలుగోదానికి జూలు గీకి పారేసిన, ఫౌజుల జూలు కత్తిరిస్తరట. చెవులు పీకి ముద్ద తోటి పొడుగ్గ పెట్టిన. కాళ్లు సన్నగ చెక్కిన. మా ఇంటామె చూసి, "గుర్రాన్ని గాడిద చేస్తున్నవా? ఇంట్ల ఒకటున్నది చాలలేదా?" అన్నది. రంగుకు చిచ్చాను కూసోబెట్టుకున్న.

"ఎర్రగోధుమ చెప్పినవు. ఇదేనా?"

"కాదు. బెల్లం పాకం మాడితే ఎట్లుంటది? గది."

"పొయ్యి మీద ఎంతసేపు మాడాలె?"

"ఇంట్ల మీ చాచి వంట చేస్తూ సీరియల్ చూసినంతసేపు."

మూతి మాత్రం తెల్లగ ఉండేదట, జొన్నపిండి డబ్బల పెట్టి తీసినట్టు. మంచును తినేసోడల జిగురు కలిపి చేసిన. హాలియాల పుట్టినోడు మంచు ఎక్కడ చూస్తడు, ఐస్ డబ్బల తప్ప? తెల్లగ చేసి చూపిస్తే చిచ్చా తల అడ్డంగ ఊపిండు. "మంచు తెల్లగ ఉండదు. పొద్దుగాల నీలం, మాపటికి గులాబి. తెలుపు మనం ఇండ్లకు వేసేది." నీలం కలిపిన. అప్పుడు నా బల్ల మీద చలి పుట్టింది. బయట రోడ్డు మీద తారు మెత్తగయ్యే ఎండ, లోపల నేను భూతద్దంల మంచు మీద నడుచుకుంట పోతున్న, వెనుక నుంచి డెక్కల చప్పుడు.

ఒక చెవి చిరిగి ఉండెనట. ఏ చెవి అంటే ఒకరోజు కుడిదన్నడు, ఇంకోరోజు ఎడమదన్నడు. మూడోరోజు ఆయన మొఖంల బుగులు చూసిన. తనకు తెల్వదని తెలిసినోని బుగులు. "చిచ్చా, పొద్దుగాల లేస్తే మొదలు ఏం పని చేసేటోనివి?" అని అడిగిన.

"మాలిష్."

"నాకు చేసి చూపియ్యి."

దుకాణం నడుమ నిలవడ్డడు. కండ్లు మూసుకున్నడు. కుడిచేతుల మాలిష్ బ్రష్ లేకున్న ఉన్నట్టు పట్టుకోని, ఛాతి ఎత్తుల గాలిని రుద్దుడు మొదలువెట్టిండు. మెడ, భుజం, వీపు, పొట్ట కింద. వంగి ఒక కాలు ఎత్తి ఒళ్లె పెట్టుకోని డెక్క గీకిండు. వెనుకకు పొయ్యేటప్పుడు వీపు మీద చెయ్యి తీయకుండ చుట్టు తిరిగి పోయిండు, అది తన్నకుండనట. రేకుల మీద నీళ్ల వెలుగు ఊగుతాంది. ఆయన చేతుల నడుమ ఖాళీ జాగా మెల్లగ నిండుకుంట వచ్చింది. ఒక నిమిషం నాకు దాని వెచ్చదనం గూడ తగిలినట్టయింది. మళ్ల తల కాడికొచ్చి, ఎడమచెయ్యి పైకి పోయి, గాలిల ఒక జాగాల ఆగి, వేళ్లు రెండు దగ్గరకొచ్చినయి.

"ఎడమది" అన్నడు. "ఇక్కడ, కొసకు."

అప్పుడే చాచి, అంటే చిచ్చా భార్య, అన్నానికి పిలువ వచ్చి షట్టర్ కింద వంగి చూస్తుండె.

"నా నిఖాకు నేను ఏ రంగు బట్టలు కట్టుకున్ననో అడుగు బిడ్డ, చెప్తడేమో" అన్నది నాతోటి. "ఆ సవతికి ఏ చెవి చిరిగిందో మాత్రం చేతులకు గూడ యాది ఉన్నది."

"ఆమె తన్నింది, నువ్వు తన్నలేదు కద, యాది ఉండెతందుకు" అన్నడు చిచ్చా కండ్లు తెరవకుండనే.

"తన్నాల్సి ఉండె."

ఇద్దరు నవ్వుకుంట పోయిన్రు. వెనుక నుంచి చాచి మాట వినవడ్డది: "జబ్బు చేసి సచ్చినదాని కోసం గింత యాతన పడ్తవు."

ఖచ్చర్‌ను ఒక్కదాన్నే చేసియ్యాలె. గని నాకు ఆశ పుట్టింది. పక్కన చిచ్చాను గూడ నిలవెడ్తే? చెప్పకుండ చేద్దామనుకున్న. బీడీ తాగే సిపాయిని తీసి, బీడీ చెయ్యి మళ్ల కోసి, కిందికి వంచిన. పెద్ద కోటు, టోపీ వేసిన. కండ్లకు రెండు గీతలు. బండరాయి కోసం బొగ్గు ముక్క పెట్టి, అంచున సన్నటి బాట చెక్కిన. చిచ్చా దుకాణంల పారేసిన రాగి తీగలు ఏరుకోని, వెంట్రుకంత సన్నటివి మూడు పేని, పగ్గం చేసిన. ఖచ్చర్ మూతి కాడ నుంచి తెచ్చి చిచ్చా పిడికిలికి రెండు చుట్లు చుట్టిన. ఒక్క ఆ పగ్గానికే మూడు మధ్యాహ్నాలు పట్టినయి. అన్నిటికంటె మంచిగ వచ్చింది గదే.

శుక్రవారం నమాజు నుంచి వస్తుంటే పిలిచిన. తెల్లబట్టల మీద, అత్తరు వాసన తోటి వచ్చి కూసున్నడు. బొమ్మ మీద కప్పిన బట్ట తీసి, భూతద్దం చేతికిచ్చిన.

చాలసేపు చూసిండు. పెదవులు కదులుతున్నయి.

"ఇదే" అన్నడు. "ఇదే మొఖం. నేను మర్చిపోయింది గిదే. యా అల్లా." చిరిగిన చెవిని చిటికెనవేలు గోరు తోటి ముట్టీ ముట్టనట్టు ముట్టిండు. నవ్విండు. "ఈయన ఎవరు, నేనా? గింత సన్నగ ఉంటినా?"

"చాచి వంట తినకముందు కద చిచ్చా."

భూతద్దం కిందికి జరిగింది. పిడికిలి కాడ ఆగింది. నవ్వు పోయింది.

"పగ్గం ఎవరు చుట్టమన్నరు చేతికి?"

నాకర్థం కాలే. మా ఇంట్ల బర్రెలను, ఎడ్లను పట్టుకునేది గట్లనే. చిన్నప్పుడు మా బాపు మొదలు నేర్పిన పనే అది, రెండు చుట్లు చుట్టుకోరా, లేకుంటే గుంజుకోని పోతది అని. ఒకసారి బర్రె నన్ను కాలువ గట్టు మీది నుంచి బురదల దాక ఈడ్చుకపోయింది, గని నేను పగ్గం ఇడవలే. ఊరంత మెచ్చుకున్నది. పగ్గం అంటే నాకు గదొక్కటే తెలుసు.

"గట్లనే కద పట్టుకునేది?" అన్న.

చిచ్చా భూతద్దం బల్ల మీద పెట్టిండు.

"గుట్టల మీద చుట్టరు బిడ్డ. మొదటిరోజు నేర్పేది గదే. ఉత్తగ పట్టుకోవాలె. అది జారితే అదే పోవాలె, నువ్వు పోవద్దు. హుకుం." గడ్డం రుద్దుకున్నడు. "ఆమె జబ్బు తోటి సావలే. మంచు కింద నున్నటి ఐసుగడ్డ ఉండె. వెనుకకాలు జారింది. ఒక్కసారి నా దిక్కు చూసింది. పగ్గం పోయింది. నేను ఇడిసిన్నో, అదే జారిపోయిందో ఇప్పటికి నాకు తెల్వదు. చెయ్యి చలికి మొద్దుబారి ఉండె. ఎవ్వరు నన్నొక్క మాట అనలే. మంచి పని చేసినవన్నరు. మరుసటి నెల ఇంకోటిచ్చిన్రు."

కాలువ రోడ్డు మీద వడ్ల ట్రాక్టర్ పోయింది. బల్ల అదిరింది. బొమ్మ కదలలే.

"నువ్వు చేసినట్టు చుట్టుకోని ఉంటే" అన్నడు పిడికిలిని చూపిచ్చి, "నేను గిక్కడ లేను. మోటర్లు లేవు, చాచి లేదు, నీ చాయ్ లేదు."

"తీసేసి వదులుగ పట్టుకున్నట్టు చేస్త చిచ్చా. ఎంతసేపు, రేపటికల్ల..."

"వదులుగ పట్టుకుంటే మళ్ల జారుతది."

చుట్టితే ఆయన పోతడు. ఇడిస్తే ఆమె పోతది. రెండంగుళాల బాట మీద మూడో తొవ్వ లేదు.

సన్నటి కటింగ్ ప్లేరు తీసుకున్న. ఆయన మొఖం దిక్కు చూసిన. వద్దనలే. మూతి కాడ ఒక కొస, పిడికిలి కాడ ఒక కొస కత్తిరిచ్చిన. మూడు మధ్యాహ్నాల పగ్గం బల్ల మీద పడి, ఈగ కాలంత కనవడ్డది. ఇప్పుడు సిపాయి ఉత్త పిడికిలి పట్టుకోని నిలవడ్డడు, కొట్లాటకు వచ్చినట్టు. అది గూడ బాగలే. దీపం ముట్టిచ్చి, బ్లేడు కాల్చి, మోచెయ్యి కాడ మెత్తగ చేసి పైకి లేపిన. వేళ్లు ఒక్కొక్కటి విప్పిన. విప్పిన చెయ్యి పోయి దానంతట అదే ఖచ్చర్ మెడ మీద ఆనింది. నేను అనుకోని చేసింది కాదు. ఆ ఎత్తుకు ఆ చెయ్యి ఇంకెక్కడికి పోదు.

చిచ్చా మళ్ల భూతద్దం పెట్టుకున్నడు. ఈసారి ఇంకా ఎక్కువసేపు చూసిండు. మంచు అంచున, పగ్గం లేకుండ, ఖచ్చర్ నిలవడ్డది. ఎవ్వరు పట్టుకోలే. కాళ్లు నాలుగు నేల మీద ఉన్నయి.

"పగ్గం లేకుంటే ఎటన్న పోదా చిచ్చా?" అన్న మెల్లగ.

"ఎటు పోతది?" అన్నడు. "దాణ పెట్టేది నేనే కద."

రెండు చేతులల్ల పట్టుకోని, గాలి తగలకుండ ఛాతికి దగ్గరగ పెట్టుకోని తన దుకాణానికి పోయిండు. పది అడుగులు ఉండదు. గంతకే మూడుసార్లు ఆగిండు.

నేను షట్టర్ కాడ నిలవడి చూస్తున్న. చాచి అన్నం టిఫిన్ తోటి వచ్చింది. "ఏది, నా సవతిని చూపియ్యి" అనుకుంటనే మెట్టు మీద కూసున్నది. చిచ్చా బొమ్మను ఇద్దరి నడుమ పెట్టి చెప్పుడు మొదలువెట్టిండు. చేతులు తిప్పి చెప్తున్నడు. ఒకసారి రెండు చేతులు ఖాళీగ చాపి చూపెట్టిండు. ట్రాక్టర్ల చప్పుడుకు నాకు మాటలు వినవడలే. చాచి నవ్వలే, కొట్లాడలే. టిఫిన్ మూత తీయకుండనే కూసున్నది. తర్వాత లేచి లోపలికి పోయి, ఖాళీ పచ్చడి సీసను కడిగి, కొంగుతోటి తుడుచుకుంట తెచ్చి, బొమ్మ మీద బోర్లిచ్చింది.

చిచ్చా ఏదో అన్నడు. చాచి ఆయన దిక్కు చూసింది, సీస దిక్కు చూసింది. మళ్ల సీసను జర లేపి, అంచు కింద ఒక అగ్గిపుల్ల పెట్టింది, గాలి ఆడెతందుకు.